దండెం మీది కులం

మీ ఇంట్లో మడిబట్ట ఉందా? ఉంటే ఒక్కసారి చేతిలోకి తీసుకోండి. అయ్యో, తాకకూడదు కదూ! సరే, దూరం నుంచే చూడండి. చూస్తూ నేనడిగేదానికి జవాబు చెప్పండి. ఆ పంచెలోని పత్తి ఏరింది ఎవరు?

జగిత్యాల పక్క పల్లెలో కావచ్చు, ఆదిలాబాద్ నల్లరేగడిలో కావచ్చు, నడుముకు ఒడి కట్టుకుని పొద్దుగూకేదాకా వంగి పత్తి ఏరిన ఆడకూలీ ఆ రోజు ముట్టులో ఉందో లేదో మీ పంతులుగారు కనుక్కున్నారా? జిన్నింగ్ మిల్లులో గుట్టపోసిన ఆ పత్తిని కాళ్ళతో తొక్కినవాడి గోత్రం ఎవరైనా రాసుకున్నారా? ఏ మతం డ్రైవర్ లారీలో అది దారం మిల్లుకు పోయింది? సిరిసిల్లలో సాంచాల (మరమగ్గాల) మధ్య పన్నెండు గంటలు నిలబడి దాన్ని నేసినవాడి చెమట ఎన్నో మూరలో పడింది? ఇవన్నీ వదిలేయండి. గంజి సంగతి చెప్పండి. పడుగుకు గంజి పెట్టనిదే మగ్గం మీద పోగు నిలవదు. పాతకాలం చేనేత ఇండ్లల్లో అది పొయ్యి మీద ఉడికిన గంజే. అన్నం మెతుకు తగిలితే చెయ్యి కడుక్కోవాలనే శాస్త్రం మీది. పద్మశాలి ఇంట్లో ఉడికిన గంజిని పోగుపోగుకూ పట్టించి నేసిన బట్టను నడుముకు చుట్టుకునే మీ తాతగారు దేవుడి ముందు కూచున్నారు.

"తడిపి ఆరేశాం కదండీ" అంటారు. తెలుసు. ఒక్క బకెట్ నీళ్ళు. ఆ ఒక్క బకెట్‌తో పత్తి ఏరిన చెయ్యి పోయింది, మిల్లులో తొక్కిన కాలు పోయింది, నేతగాడి చెమట, ఉడికిన గంజి, కోరుట్ల బజారులో తాను విప్పి చూపించిన గుమస్తా అన్నీ పోయాయి. ఇంత శక్తి ఉన్న నీళ్ళు మరి, ఆరిన తర్వాత పంచె కొసకు మీ ఆరేళ్ళ మనవరాలి చెయ్యి తగలగానే ఎందుకు ఓడిపోతున్నాయి?

జవాబు లేదు. ఉండదు. మీకు కావలసింది శుభ్రత అయితే కదా జవాబు ఉండడానికి.

కోరుట్లలో ఒక ఇంటికి వ్రతానికి వెళ్ళాను. ఎవరిల్లో చెప్పను. పెద్దమనుషులు, నిజానికి మంచి మనుషులు కూడా. వెనక వరండాలో రెండు దండేలు. కిందిది మామూలు బట్టలకు. పైది కప్పుకు ఆనుకుని, కర్రతో తప్ప అందనంత ఎత్తులో. ఆ కర్రకూ మడి ఉంది, ఇంకెవరూ ముట్టరాదు. ఇంటావిడ తలస్నానం చేసి తడిబట్టతోనే వచ్చి, తడిపిన చీరను కర్ర కొసకు తగిలించి పైకెత్తి, ఒక్కో మడత విప్పుతూ తీగ మీదికి నెడుతోంది. అరవై దాటిన మనిషి. మోకాళ్ళు అరిగిపోయాయి, భుజం సగం పైకి లేవదు. పక్కనే కొత్త వాషింగ్ మెషీన్. మెషీన్‌లో తిప్పొచ్చట, దానికి కులం లేదు కనుక. మీట మాత్రం ఆవిడే నొక్కాలి, పనిచేసే అమ్మాయి వేలికి కులం ఉంది కనుక. ఆ అమ్మాయి నేల తుడుస్తూ తుడుస్తూ వచ్చి, పైనుంచి జారుతున్న చీరను చూసి పట్టుకోవడానికి చెయ్యి చాచింది.

"ముట్టకే!"

ఆ కేక వీధిలోకి వినబడి ఉంటుంది. చెయ్యి వెనక్కి పోయింది. చీర నేల మీద పడింది. ఎవరి నేల? ఆ అమ్మాయి అప్పుడే ఆ చేతులతోనే అద్దంలా తుడిచిన నేల. ఆవిడ మోకాళ్ళు పట్టుకుని మళ్ళీ బాత్రూంలోకి నడిచింది. ఇంటాయన హాల్లో పట్టుపంచె కట్టుకుని పీట మీద కూచుని ఫోను చూసుకుంటున్నాడు. లెట్రిన్‌లోకి కూడా వెంట వచ్చే ఫోను మడికి అడ్డం కాదు. పనిపిల్ల వేలు అడ్డం.

ఆ పట్టుపంచె కథ కూడా చూద్దాం. నూలుబట్ట అయితే ఏ రోజుకారోజు తడిపి ఆరేస్తేనే మడి. పట్టుకు ఆ బాధ లేదు. ఎప్పుడు కట్టినా మడే. పోయిన శ్రావణంలో కట్టి, పాయసం ఒలకబోసుకుని, మడతపెట్టి బీరువాలో తోసి, మళ్ళీ ఈ శ్రావణంలో కలరా ఉండల వాసనతో బయటికి తీసిన పట్టు మడి. పొద్దున సబ్బుపెట్టి ఉతికి, మే నెల ఎండలో ఫెళఫెళలాడేలా ఆరిన నూలుచొక్కా మైల. ఇదీ మనవాళ్ళు ప్రపంచానికి నేర్పామని చెప్పుకునే పరిశుభ్రత.

ఇంకొకటి. కోడిగుడ్డు వాసన వస్తే ముక్కు మూసుకునే మహానుభావుడి నడుము చుట్టూ ఉన్నది ఏమిటి? పట్టుపురుగు గూడు కట్టుకుని లోపల పడుకుంటుంది. దారం తెగకుండా రావాలంటే అది గూడు చీల్చుకుని బయటికి రాకముందే చంపాలి, వేడికి. అలా ఒక్క చీరకు వేల పురుగులు. వేల ప్రాణాలను ఉడకబెట్టి లాగిన దారం కట్టుకుని "అహింసా పరమో ధర్మః" అని గొంతెత్తే ధైర్యం మనకే ఉంది. ఇది ఎవరికీ తోచలేదని కాదు. చేనేత సంస్థ ఆప్కోలో పనిచేసిన కుసుమ రాజయ్య గూట్లోంచి ప్రాణి బయటికి పోయాకే దారం వడికే పద్ధతి పట్టుకుని, "అహింసా పట్టు" అని పేరుపెట్టి, పేటెంట్ కూడా తీసుకున్నారు. మన పీఠాధిపతులు ఎంతమంది దాన్ని తప్ప వేరే పట్టు ముట్టబోమని ప్రకటించారు? విదేశీ ఫ్యాషన్ వాళ్ళకు నచ్చినంతగా మన పూజగదులకు నచ్చలేదు. పురుగు చచ్చినా ఫరవాలేదు, చాకలి ముట్టకపోతే చాలు.

ఇప్పుడైతే ఆ పట్టు కూడా లేదు. వ్రతాలకు కట్టే సగం "పట్టుపంచెలు" పాలిస్టర్. పాలిస్టర్ అంటే పెట్రోలు బావిలోంచి వచ్చిన సరుకు. మన పిల్లలు సౌదీలో, కువైట్‌లో ఎండకు మాడుతున్న ఆ ఇసుక కింది నూనెను దారంగా తీసి, మెరుపద్ది, అంచేసి అమ్మితే, దాన్ని కట్టుకుని సంకల్పం చెప్పుకుంటున్నాం. ఏ స్మృతిలో ఉందండీ పాలిస్టర్? ఏ పంతులైనా ఆపాడా? శాస్త్రం ఎంత మెత్తనిదో అక్కడ తెలుస్తుంది. సరుకు విషయంలో రబ్బరులా సాగుతుంది. మనిషి విషయం వచ్చేసరికి ఇనుపకడ్డీ.

కరోనా వచ్చినప్పుడు చూడాలి వీళ్ళ సంబరం! ప్రపంచం శవాలు లెక్కపెట్టుకుంటుంటే వీళ్ళు మీసాలు దువ్వారు. మడి అంటే సోషల్ డిస్టెన్సేనట, మన పెద్దలకు వైరస్ సంగతి వేల ఏళ్ళ కిందే తెలుసట. తెలిస్తే ఒక్క చిన్న సంగతి ఎందుకు తెలియలేదు? ఇంట్లో అన్నింటికంటే బాగా ఉతికి, అన్నింటికంటే ఎక్కువ ఎండ తగలాల్సిన గుడ్డ ఏది? ముట్టుగుడ్డ. అది ఒంటికి ఎక్కడ తగులుతుందో, తడి ఆరకపోతే ఏ జబ్బులొస్తాయో ఏ నర్సమ్మనడిగినా చెబుతుంది. దాన్ని మన మడి ఇండ్లు ఎక్కడ ఆరేయించాయి? స్నానాలగది మూలన, మంచం కింద, లంగా మాటున, చీకట్లో. మగవాడి కంటబడకూడదు, పైదండెం గాలి దానికి సోకకూడదు. మంచి ఎండ తగిలే తీగంతా పట్టు ఉత్తరీయాలకు కేటాయించి, ఆడపిల్ల ఒంటిని కాపాడే గుడ్డను చీకటి మూలకు తోసిన బుద్ధిని సైన్స్ అంటావా? అను. ఆ మాట నీ ఇంటి ఆడవాళ్ళను ఎదురుగా కూచోబెట్టుకుని అను.

2018 సెప్టెంబర్ 28న సుప్రీంకోర్టు శబరిమల తీర్పులో జస్టిస్ చంద్రచూడ్, నెలసరి పేరుతో ఆడవాళ్ళను దూరం పెట్టడం కూడా రాజ్యాంగం 17వ అధికరణ నిషేధించిన అంటరానితనమేనని రాశారు. ఆ కేసు తర్వాత పెద్ద ధర్మాసనానికి పోయింది, దాని గొడవ దానిది. మన గొడవ వరండాలో ఉంది. వరండాలోకి ఏ కోర్టు అమీనా రాడు.

వస్తే ఒక చాట చూసేవాడు. సిరిసిల్ల, కోరుట్ల, మెట్‌పల్లి, జగిత్యాల ఎక్కడికైనా పొండి, గడపలో ఒళ్ళో చాట పెట్టుకుని, తునికాకు కత్తిరించి తంబాకు పోసి బీడీలు చుట్టే ఆడవాళ్ళు కనిపిస్తారు. చాలామంది భర్తలు గల్ఫ్‌లో. వెయ్యి బీడీల లెక్కన కూలి. ఆ వెయ్యి లెక్కకు ముట్టు లేదు, అంటు లేదు. ఐదు రోజులు బయట కూచుంటే కార్ఖానాకు బీడీలు ఎవరిస్తారు? "బయట ఉన్నది, ఇంట్లకు రావొద్దు" అని భార్యను దేవుడి గూటికి పది అడుగుల దూరంలో నిలబెట్టిన మగవాడు, దండెం మీది తన పంచెకు ఆమె కొంగు తగిలితే రంకెలేసే మగవాడు, మధ్యాహ్నం వేపచెట్టు కిందికొచ్చి ఏం చేస్తాడు? బీడీ వెలిగిస్తాడు. ఏ ఊళ్ళోనో ముట్టులో ఉన్న ఏ ఆడదో వేళ్ళతో చుట్టి, ముడి వేసిన బీడీ. చేత్తో ముట్టడం కాదు, నోట్లో పెట్టుకుంటాడు. కమ్మగా పీలుస్తాడు.

ఎక్కడ పోయింది స్వామీ నీ మడి? పొగలో పోయిందా?

ఇక అసలు మనిషి దగ్గరికి వద్దాం. ఇంతసేపూ వాయిదా వేసింది అందుకే, ఆమె గురించి తొందరగా చెప్పి వదిలేస్తే తప్పు. ఊళ్ళో బిడ్డ పుడితే బాలింత బట్టలు ఎవరికి వేస్తారు? చాకలమ్మకు. పిల్ల పెద్దమనిషైతే ఆ మొదటి బట్టలు? చాకలమ్మకు. మనిషి చచ్చిపోతే పక్కబట్టలు? చాకలమ్మకే. నెత్తురూ చీమూ మలమూ అంటినవన్నీ మూటగట్టి ఆమె నెత్తిన పెట్టి, ఆమె బట్టి పెట్టి ఉడికించి, రేవులో బండకేసి బాది తెల్లగా చేసి తెచ్చాక ఆ మడి ఇంటివాళ్ళు చేసిన పని ఏమిటి? వాటిని మళ్ళీ నీళ్ళలో ముంచడం. ఎందుకట? చాకలి ముట్టింది కనుక.

మళ్ళీ చదవండి ఆ వాక్యం. మురికి పోగొట్టిన చెయ్యే మురికట.

మడికట్టుకునే మనిషి తన మడిబట్ట తానే ఉతుక్కుంటాడని గొప్పగా చెబుతారు. నిజమే, ఉతుక్కుంటాడు. నిన్న ఉతికి, ఇవాళ గంటసేపు కట్టి, మళ్ళీ ఉతికే ఆ పంచెలో ఏం మురికి ఉంటుంది? ఇంత విభూతి, రెండు తులసాకులు. అది ఆయన స్వయంగా ఉతుకుతాడు. పురిటిమంచం దుప్పటి మాత్రం ఊరి అవతలికి పోతుంది. మురికి లేనిది తనకు, మురికంతా వాళ్ళకు. ఇంత తెలివైన పనివిభజన ఏ మిల్లు మేనేజరుకూ రాదు. దానికి కూలి ఏమిచ్చారు? ఏడాదికి కల్లంలో ఇంత మేర, పొద్దుగూకాక గంప పట్టుకుని ఇల్లిల్లూ తిరిగితే ఇంత మిగిలిన అన్నం, వేరువేరు కులాల కూరంతా ఒకే గిన్నెలో కలిసిపోయి. దొరల గడీలకైతే అదీ లేదు, వెట్టి.

అదే చాకలి పెళ్ళిలో దారిపొడుగునా బట్ట పరిస్తే దాని మీద వధూవరులు నడుస్తారు. దేవుడి ఊరేగింపులో దివిటీ పట్టేదీ అతడే. అవసరమైనప్పుడు అతడి చెయ్యి శుభం. పని అయిపోగానే అంటు.

అయితే ఈ జిల్లాల్లోనే ఒక ఏడాది ఆ లెక్క తలకిందులైంది. 1978. జగిత్యాల, సిరిసిల్ల తాలూకాల పల్లెల్లో రైతుకూలీ సంఘాలు వెట్టి చెయ్యబోమన్నాయి. దొరలను సాంఘికంగా బహిష్కరించాయి. బట్టలుతికేవాడు రాడు, గడ్డం గీసేవాడు రాడు, పాలేరు రాడు. ఆ సెప్టెంబర్‌లో జగిత్యాలలో జైత్రయాత్ర, ఊళ్ళకు ఊళ్ళు కదిలొచ్చాయి. అక్టోబర్ 20న మర్రి చెన్నారెడ్డి ప్రభుత్వం రెండు తాలూకాలనూ కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. చరిత్ర రాసినవాళ్ళు తుపాకుల గురించి, భూముల గురించి రాశారు, రాయాల్సిందే. నాకు మాత్రం గడీ వెనక పేరుకుపోయిన మైలబట్టల కుప్ప మీదే ధ్యాస. తరతరాలుగా ముట్టుకోవద్దనిపించుకున్నవాడు "సరే, ముట్టుకోం" అన్నాడు. అంతే. ఆ మాటతో దొరసానుల మడికి దిక్కులేకుండా పోయింది.

ఇప్పుడు, దొర మీద తిరగబడ్డ చాకలి ఐలమ్మ విగ్రహాలు లేని పట్నం లేదు. సెప్టెంబర్ 26న జయంతి, పూలదండలు, మంత్రులు. 2024లో కోఠి మహిళా విశ్వవిద్యాలయానికి ఆమె పేరే పెట్టారు. మంచిదే. 2021 ఏప్రిల్ నుంచి లాండ్రీలకు, దోబీఘాట్లకు నెలకు 250 యూనిట్ల కరెంటు ఉచితమన్నారు. అదీ మంచిదే, ఇస్త్రీపెట్టెలో బొగ్గులు ఊదిన కళ్ళకు దాని విలువ తెలుసు. కానీ విగ్రహానికి దండ వేసి ఇంటికెళ్ళిన ఆ నాయకుడి తల్లి, ఇస్త్రీ చేసి వచ్చిన పట్టుచీర మీద పసుపునీళ్ళు చల్లి లోపల పెట్టుకుంటుంది. రాతి ఐలమ్మను ముట్టుకోవచ్చు. నడిచే ఐలమ్మ గుమ్మం బయట నిలబడి మూట అందించాలి.

ఇదంతా బ్రాహ్మణ ఇండ్ల గోల అని రొమ్ము విరుచుకుంటున్న తమ్ముడూ, ఆగు. ధర్మపురి అగ్రహారాన్ని తిట్టి చేతులు దులుపుకోవడం సులువు, దానికి దమ్మేమీ అక్కర్లేదు. నీ ఇంటి దండెం చూపించు. రెండంతస్తుల మేడ కట్టగానే మడిగది కట్టించిన రెడ్డిగారిని, వెలమదొరను, కాంట్రాక్టరైన మున్నూరుకాపును నేను చూడలేదా? భావనారుషి సంతానమని జందెం వేసుకునే మా పద్మశాలి పెద్దలూ, మీరూ రండి. మనం నేసిన బట్టను మన చెయ్యి తగిలిందని నీళ్ళలో ముంచినవాళ్ళను మనం ఒక్క మాట అనలేదు. పైగా మనకు దొరికినవాళ్ళ మీద, చాకలి మీద, మాదిగ మీద, అదే నీళ్ళు మనమూ చల్లాం. తన్నులు తిన్నవాడికి తన్నడం ఎలాగో బాగా తెలుస్తుంది. ఎర్రజెండా పట్టి ఉపన్యాసాలిచ్చిన మేధావుల ఇండ్లూ చూశాను. బయట మార్క్స్, లోపల "అమ్మ పట్టింపు". అమ్మను అడ్డం పెట్టుకోవడం మాని నువ్వు మాట్లాడు.

దుబాయి, మస్కట్ లాండ్రీలలో మన జిల్లాల పిల్లలున్నారు. అక్కడ కులం చూసి పని ఇవ్వరు. దొరబిడ్డడూ ఉతుకుతాడు, ఎవరెవరి చెమటబట్టలో, ఎవరెవరి లోదుస్తులో. తప్పేముంది, పని. కానీ సెలవు మీద ఊరికి రాగానే ఆ చేతులకు మళ్ళీ మడి మొలుస్తుంది. షేకు బట్టలు ఉతికిన చెయ్యి, రజకుల పిల్లవాడు ఇచ్చిన ఇస్త్రీచొక్కాను వేళ్ళ కొసలతో అందుకుంటుంది. విమానం ఎక్కితే పోయే అంటు, దిగగానే ఎలా తగులుకుంటుందో భూగోళశాస్త్రం మాస్టార్లు చెప్పాలి.

"మా ఇల్లు, మా నమ్మకం, నీకెందుకు?" అని అడుగుతారు. మీరు తలుపేసుకుని మీ బట్ట మీరు నేసుకుని, మీ పురిటిబట్ట మీరు ఉతుక్కుంటే నాకేం పని? పని వాళ్ళది, పవిత్రత మీది అన్నప్పుడే వచ్చింది పేచీ. "పక్క మతాన్ని అడగవేం?" అంటారు ఇంకొందరు. వాళ్ళింట్లో కుళ్ళు వాళ్ళలోంచే ఎవరో కడగాలి, కడుగుతున్నవాళ్ళూ ఉన్నారు. నేను పుట్టింది ఈ ఇంట్లో. ఈ దండెం కింద వంగి వంగి నడిచే పెరిగాను. దాన్ని తెంపే హక్కు నాకు ఎవరూ ఇవ్వక్కర్లేదు.

2017లో బతుకమ్మ చీరలు మొదటిసారి పంచినప్పుడు గుర్తుందా? సరుకు నాసిరకమని కొన్నిచోట్ల ఆడవాళ్ళు రోడ్డు మీద తగలబెట్టారు. కోపం నేత మీద, ధర మీద. ఏ చేతులు నేశాయని ఒక్కరూ అడగలేదు. ఆ తర్వాత ఏళ్ళకేళ్ళు సిరిసిల్ల సాంచాల మీది చీర కట్టుకునే లక్షలమంది బతుకమ్మ ఎత్తారు, గౌరమ్మను మొక్కారు. గౌరమ్మ ఎవరినీ వెనక్కి పంపలేదు. 2022లో సిరిసిల్ల నేతకారుడు వెల్ది హరిప్రసాద్ జీ-20 గుర్తును మగ్గం మీద నేసి పంపితే ప్రధానమంత్రి మన్‌కీబాత్‌లో మెచ్చుకున్నారు. దేశానికి గౌరవం తెచ్చిన ఆ చెయ్యి, మీ పైదండెం మీది పంచెను ముట్టుకోవచ్చా? అవునా, కాదా? ఒక్క మాటలో చెప్పండి.

తిట్టదలచుకున్నవాళ్ళు తిట్టండి, నాకు అలవాటే. వాదించదలచుకున్న పండితులెవరైనా ఉంటే మాత్రం గుడి మంటపంలో మైకు పెట్టుకుని కాదు. సిరిసిల్ల బీవైనగర్ రండి. పట్టుపంచె కట్టుకునే రండి. నడుస్తున్న సాంచాల మధ్య నిలబడి, గంజి కాచిన చెయ్యి ఏ మంత్రంతో మైలపడుతుందో, ఆ చేతి బట్ట ఏ మంత్రంతో మడి అవుతుందో నేతగాడికి వివరించండి. కాస్త గట్టిగా చెప్పాల్సి ఉంటుంది. అక్కడ చప్పుడెక్కువ.